చెవులత్త గదికి చందా

అబద్ధాన్ని నేను వాసనతో పట్టేస్తాను. కోతలు కోస్తున్నాననుకోకండి. ఎదుటివాడు నోరు తెరిచి రెండో మాట అనేలోపే అది సొంత సరుకా, అరువు సరుకా, అప్పుడే పొయ్యి మీదనుంచి దించిందా అన్నది చెప్పేయగలను. నేనూ అదే వ్యాపారంలో ముసలాణ్ణయ్యాను గనక ఆ ముక్కు నాకు అబ్బింది. మా వీధిలో మొగుడు ఆలస్యంగా ఇల్లు చేరి ఏదైనా కారణం చెబితే పెళ్ళాం అతనితో వాదించేది కాదు, నన్ను పిలిపించేది. ఒకావిడైతే ఊళ్ళో లేని మొగుణ్ణి ఫోనులో కలిపింది. ఫోనులోంచే వాసన చూసి చెప్పాను. ఆ కాపురం ఇప్పటికీ చక్కగా ఉంది. మొగుడే, పాపం, నాతో మాట్లాడడు. అంతటి ముక్కున్నవాడు చెబుతున్న కథ గనక నిశ్చింతగా వినండి.

కథ నాది కాదు, టైర్లాయనది. బస్సులు మలుపు తిరిగే చోట ఆయన పంక్చరు షాపు. రేకుల కప్పు, ముందు ఒక బల్ల, పక్కన నీళ్ళ తొట్టి, గోడవారగా ఒకదాని మీద ఒకటి పేర్చిన పాత టైర్లు. ట్యూబును తొట్టిలో ముంచి బుడగ ఎక్కడ లేస్తుందో చూస్తూ ఆయన నోటికి పని చెప్పేవాడు. తన పెళ్ళినాడు ఒక సైకిలుకు గాలి కొట్టాడట, ఆ గాలి ఇప్పటికీ దిగలేదట. సైకిలు తుప్పుపట్టి పోయింది గానీ గాలి మాత్రం కొత్త పెళ్ళికొడుకులా ఉందట. ఇంకోసారి సర్కసువాళ్ళ ఏనుగు కాలికి మేకు దిగితే ప్యాచీ వేసి పంపాడట. ఇవన్నీ ఒట్టు పెట్టి మరీ చెప్పేవాడు.

కొడుకు కూడా అదే షాపులో పనిచేసేవాడు. తండ్రి మాటలు, కొడుకు చేతలు అన్నట్టు నడిచేది. ఒక వానాకాలం ఆ కుర్రాడు కడుపునొప్పని ఆసుపత్రికి వెళ్ళి తిరిగి రాలేదు. పెళ్ళాన్నీ, బడికెళ్ళే కూతుర్నీ తండ్రికి వదిలేసి పోయాడు. షాపు కొన్నాళ్ళు మూతపడి మళ్ళీ తెరుచుకుంది. తెరిచాక టైర్లాయన కథలు మునుపటికంటే పొడుగయ్యాయి.

ఇంట్లో ఏడవకూడదని ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. అన్నం దగ్గర కోడలి పెదవి కాస్త వణికితే చాలు, ఈయన ఏనుగును ఇంట్లోకి తోలుకొచ్చేవాడు. మనవరాలు కంచంలోకి చూస్తూ కూర్చుంటే సైకిలు గాలి కథ ఎత్తుకునేవాడు. ఆ పిల్లను ఆయన పిడుగు అనేవాడు. పిడుగు నవ్వాల్సిన చోట నవ్వేది, అడగాల్సిన చోట "తర్వాత?" అనేది. ఇల్లు నిలబడిందని, నిలబెట్టింది తన నోరేనని ఆయన నమ్మకం.

ఇక చెవులత్త సంగతి. పిడుగు చదివే బడిలో చాప్లెయిన్ అని ఒకావిడ ఉండేది. ప్రార్థన మందిరం తరఫున బడిలోనే కూర్చుని, ఏ దేవుడి పిల్లలైనా, ఏ దేవుడూ లేని పిల్లలైనా వచ్చి మనసులో మాట చెప్పుకుంటే వినే మనిషి. ఆటసామాన్ల గది పక్కన, విరిగిన బెంచీలు పడేసే చిన్న గదిని ఖాళీ చేయించి ఆవిడకిచ్చారు. పిల్లలకు ఆ ఇంగ్లీషు మాట నోరు తిరగక చెవులత్త అని పేరు పెట్టారు. ఆవిడ చెవులు మామూలువే. కాకపోతే ఎదుటి పిల్ల మాట పూర్తయ్యేదాకా ఆవిడ నోరు కదిలేది కాదు. ఆ గదిలో కుర్చీలు ఎదురెదురుగా ఉండవు, పక్కపక్కనే కిటికీ వైపు తిరిగి ఉంటాయి. కళ్ళు కలవకపోతే మాట సులువుగా వస్తుందని ఆవిడ లెక్క. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ప్రాణం మీదికొచ్చే సంగతైతే తప్ప, ఆ గదిలో అన్న మాట గుమ్మం దాటదు. ఆ మాట ముందే పిల్లలకు చెప్పి కూర్చోబెట్టేది.

ఆవిడ జీతం ప్రభుత్వమివ్వదు. లెక్కలకూ భాషకూ టీచర్లనిస్తారు గానీ దిగులుకు ఎవర్నిస్తారు? సగం ప్రార్థన మందిరం, సగం మా వీధి భరించేది. బేకరీ ఆయన శనివారం బన్నుల మీద వచ్చింది అటు తోసేవాడు. మందుల షాపులో చందాలు వేసే డిబ్బీ ఒకటి ఉండేది. టైర్లాయన ఆదివారాలు ఊరికే గాలి కొట్టి, "నాకొద్దు, ఆ డిబ్బీలో వెయ్యండి" అనేవాడు. అడగడంలో సిగ్గూ, చెప్పడంలో అలుపూ లేనివాడని ఆయన్నే చందాల కమిటీకి పెద్దను చేశారు. ఆ పెద్దరికం ఆయన చొక్కాకు బొత్తాంలా మెరిసేది.

ఆ ఏడు ప్రార్థన మందిరం కప్పు కురవడం మొదలుపెట్టింది. వాళ్ళ సగం కప్పుకు పోయింది. మిగతా సగంతో చెవులత్తను నిలుపుకోవడం కుదరదు. బడి హాల్లో ఒక సాయంత్రం అందర్నీ పిలిచి, టీలూ బన్నులూ ఇచ్చి, చందాలడుగుదామని కమిటీ అనుకుంది. దానికి ముందు పెద్ద టీచరమ్మ గదిలో కూర్చున్నారు.

"జనం ఇవ్వడానికి సిద్ధంగానే ఉన్నారమ్మా," అంది పెద్ద టీచరమ్మ చెవులత్తతో. "కానీ ఇచ్చింది ఏమైందని అడుగుతారు. లెక్కల టీచరుకైతే మార్కులు చూపిస్తాను. మీకేం చూపించను?"

"నన్నే చూపించండి. ఇదుగో, ఉన్నాను కదా."

"మిమ్మల్ని రోజూ చూస్తూనే ఉన్నాం గదండీ," అన్నాడు బేకరీ ఆయన. "బాగుపడ్డ ఒక్క పిల్ల సంగతి చెప్పండి చాలు. పేరొద్దు. ఊరికే, ఒక పాప అనండి."

"పేరు తీసేసినా పాప మిగిలిపోతుంది కదండీ."

"అబ్బా! దేవుడు కూడా అప్పుడప్పుడూ ఎవరితోనో ఒకరితో ఒక మాట అంటాడమ్మా!"

ఆవిడ నవ్వి ఊరుకుంది. బేకరీ ఆయన నెత్తి కొట్టుకున్నాడు. అప్పుడు టైర్లాయన గొంతు సవరించుకున్నాడు.

"ఆవిణ్ణి వదిలెయ్యండి. కథేగా కావాలి? నా దగ్గర గోదాముంది."

ఆ సాయంత్రం హాలు నిండింది. పిల్లలు ట్రేలు పట్టుకుని టీలు అందిస్తున్నారు. పిడుగు కూడా వాళ్ళలో ఉంది. టైర్లాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని మైకు ముందుకొచ్చాడు. "ఏ బడి, ఏ వీధి అని అడక్కండి. ఒక పాప ఉంది," అని మొదలుపెట్టాడు. ఆ పాపకు తండ్రి పోయాడు. పాప మాట్లాడటం మానేసింది. చెవులత్త లాంటి ఒకావిడ దగ్గరికి వెళ్ళి మళ్ళీ మనుషుల్లో పడింది. ఇంతే ఆయన అనుకుని వచ్చిన కథ.

ఎక్కడో దగ్గు వినిపించింది. ఎవరో చప్పుడయ్యేలా టీ తాగారు. కథ కిందికి జారుతోందని ఆయనకు తెలిసిపోయింది. కథలు చెప్పేవాడికి అది కాళ్ళ కింద నేల కదిలినట్టే. దిగ్గొట్టడానికి ఒక మేకు కావాలి. గోదామంతా వెతికాడు. ఏనుగు పనికిరాదు, సైకిలు పనికిరాదు. వెతికి వెతికి, మనసులోనే ఆయన చెయ్యి తన షాపు సొరుగు మీద పడింది.

ఆ సొరుగులో వాల్వు మూతల డబ్బా ఒకటుంది. అందులో మూతలు లేవు. సగం అరిగిన సబ్బు ముక్క ఉంది. గ్రీజు వదలగొట్టే గరుకు సబ్బు. కొడుకు పని ముగించుకుని తొట్టి దగ్గర దానితోనే చేతులు కడుక్కునేవాడు. వాడి అరచేతి పల్లం ఆ సబ్బు మీద అలాగే ఉంది. పగుళ్ళలో నల్లటి గీతలున్నాయి. షాపు తెరిచిన మొదటి రోజే ఆయన దాన్ని ఎవరి కంటా పడకుండా డబ్బాలో పెట్టాడు. ఎవరూ లేనప్పుడు మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. ఈ సంగతి ఆయన కోడలికి చెప్పలేదు, అప్పట్లో నాకూ చెప్పలేదు, తనకు తాను కూడా గట్టిగా చెప్పుకోలేదు.

"ఆ పాప," అన్నాడు మైకులో, "తండ్రి చేతులు కడుక్కున్న సబ్బు ముక్కను దాచుకుంది. ఎక్కడ? జామెట్రీ బాక్సులో. స్కేలు పక్కన, పెన్సిలు పక్కన. క్లాసులో దిగులేసినప్పుడు మూత కొంచెమే తీస్తుంది. ఎక్కువ తీస్తే వాసన అయిపోతుందని భయం. నాన్న అయిపోతాడని భయం."

హాల్లో టీ చప్పుళ్ళు ఆగిపోయాయి. మందుల షాపు ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా సంగతి అడుగుతారేమో. చెబుతాను, దాచుకోవడమెందుకు. చెంపల మీద ధారలు కడుతుంటే, జేబులో ఉన్నదంతా బస్సు చార్జీతో సహా అక్కడ తిప్పిన డిబ్బీలో వేసి, ఇంటికి నడిచిపోయాను. ముక్కు ఉన్నమాట నిజమే. ఆ సాయంత్రం అది కారుతోంది, వాసనలు పట్టే స్థితిలో లేదు. ఫోనులో మొగుడి విషయంలో కూడా, ఏమో, జలుబు చేసి ఉందేమో.

చప్పట్లు మోగుతుంటే టైర్లాయన కళ్ళు మనవరాలి కోసం వెతికాయి. వెనక తలుపు దగ్గర ట్రే ఒక్కటే బల్ల మీద ఉంది. ఇంకా టీలు తేవడానికి వెళ్ళిందనుకున్నాడు.

ఆ మర్నాటినుంచి ఇంట్లో ఏనుగు నడవలేదు. ఈయన కథ మొదలుపెడితే పిడుగు కంచం తీసుకుని లేచిపోయేది. "తర్వాత?" అనే మాట ఆ ఇంట్లోంచి వెళ్ళిపోయింది.

"మావయ్యగారూ, దాని చేతులు చూశారా?" అంది కోడలు ఒక పొద్దున. ఆవిడ ఆసుపత్రి బట్టలుతికే చోట పనిచేస్తుంది, చేతుల సంగతి ఆవిడకు బాగా తెలుసు. "తోలు ఊడేలా ఉన్నాయి. ఏమైందే అంటే ఏం లేదంటుంది. మీరు అడగండి."

"పెరిగే పిల్లలు పాముల్లాగా కుబుసం విడుస్తారమ్మా. ఒకసారి నేనూ..."

"మావయ్యగారూ," అంది కోడలు. అంతే అంది. ఆయన మిగతా కథ మింగేశాడు.

కొన్నాళ్ళకు పెద్ద టీచరమ్మ కమిటీని మళ్ళీ పిలిచింది. ఈసారి టీ లేదు. చెవులత్త గదికి పిల్లలు రావడం మానేశారంది. ఒకరిద్దరు కాదు, ఎవ్వరూ రావడం లేదంది. ఆ గదిలో చెప్పింది మైకులో వస్తుందని బడంతా పాకిపోయిందట.

"మైకులో వచ్చింది నా కథ," అన్నాడు టైర్లాయన. "దానికీ ఈవిడకీ ఏమిటి సంబంధం?"

"మీరు చెప్పింది మీ మనవరాలి గురించేనని పిల్లలందరికీ తెలుసండీ. దాని జామెట్రీ బాక్సులోంచి సబ్బు వాసన వస్తుంటే పక్క సీటు పిల్ల ఎప్పుడో అడిగిందట. కొత్త రకం రబ్బరని చెప్పిందట ఇది. హాల్లో మీ కథ విన్నాక ఆ పక్క సీటు పిల్లకు వెలిగింది. ఇప్పుడు దాన్ని సబ్బు, సబ్బు అని పిలుస్తున్నారు." పెద్ద టీచరమ్మ చెవులత్త వైపు తిరిగింది. "పిల్ల మీకు ఒక్కరికే చెప్పుకుని ఉంటుంది. మీరు వాళ్ళ తాతగారికి చెప్పారా, లేదా?"

టైర్లాయనకు ఆ చివరి మాటలు సరిగ్గా వినబడలేదు. ఇంట్లో స్నానాల గదిలో కూడా అలాంటి సబ్బే ఒకటుండేది. కొడుకు పోయిన కొత్తలో అది కనబడకుండా పోయింది. కోడలు తీసేసిందేమోననుకున్నాడు. మావయ్యగారు తీసేసి ఉంటారని కోడలనుకుంది. ఒకరినొకరు అడగలేదు. పిల్లనైతే అడగాలనే తోచలేదు.

"చెప్పలేదని ఒక్క మాట అనండమ్మా!" అన్నాడు బేకరీ ఆయన. "అనేస్తే అయిపోయె!"

చెవులత్త చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "ఆ సంగతి చెప్పలేదంటే, చెప్పడానికి ఆ సంగతి నా దగ్గర ఉన్నట్టేగా," అంది. "అందుకని చెప్పాననీ అనను, చెప్పలేదనీ అనను. ఎవరు ఏమనుకున్నా సరే."

"ఆవిడకేం తెలియదు!" టైర్లాయన లేచి నిలబడ్డాడు. బల్ల కదిలి పెన్నులు దొర్లాయి. "నేను కల్పించాను. సాంతం కల్పించాను. పాపా లేదు, ఏమీ లేదు. మీ చేత కన్నీళ్ళు పెట్టించి చందాలు లాగుదామని ఆ పూట వండాను."

బేకరీ ఆయన ముఖం నెమ్మదిగా ఎర్రబడింది. "అంటే నా పెళ్ళాం లేని పిల్ల కోసం ఏడ్చిందా?"

"ఉన్న పిల్ల కోసమే ఏడ్చింది. నాకే తెలియలేదు."

"ఏమిటయ్యా ఈ మాటలు! ఉందంటావు, లేదంటావు! అసలు నువ్వు జీవితంలో ఒక్క నిజం చెప్పావా?"

టైర్లాయన వంగి, దొర్లిన పెన్నులు ఏరి బల్ల మీద పెట్టాడు.

ఆ సంగతి వీధిలో పొద్దు గుంకేలోపే తిరిగింది. మోసపోయామన్న కోపం మనిషిని ఎంత పొదుపరిని చేస్తుందో అప్పుడు చూశాను. హాల్లో ఏడ్చి మాటిచ్చినవాళ్ళు మాట వెనక్కి తీసుకున్నారు. శనివారం బన్నుల డబ్బులు బేకరీ గల్లాలోకే వెళ్ళాయి. మందుల షాపు డిబ్బీని బల్ల కిందికి దించేశారు. వేరే ఊళ్ళో ఒక బడికి మనిషి కావాలని అడుగుతున్నారని, నెలాఖరుకు చెవులత్తను అక్కడికి పంపుతామని ప్రార్థన మందిరంవాళ్ళు చెప్పారు. ఎవరూ ఆపలేదు. ఆపే మనిషి కమిటీ పెద్ద. ఆయన మాటకు ఇప్పుడు విలువ లేదు.

కానీ టైర్లాయన గుండెలో గుచ్చుకుంటున్నది పోయిన పరువు కాదు. మీటింగు రోజు ఇంటికి వెళ్ళి మనవరాలి పక్కన నేల మీద కూర్చున్నాడు.

"పిడుగూ, ఆవిడ నాకేం చెప్పలేదే. నేను కల్పించాను."

"కల్పించావా?"

"ఒట్టు."

"ఏనుగు కథకీ ఒట్టు పెట్టావు తాతయ్యా."

"అది వేరు, ఇది వేరు."

"ఎలా వేరు?" పిల్ల ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది. కొడుకు చూపు. "జామెట్రీ బాక్సని కూడా కల్పించావా? మూత కొంచెమే తీస్తుందని కూడా కల్పించావా? నేను ఒక్కరికే చెప్పాను. అమ్మకు కూడా చెప్పలేదు. ఆవిడ ఎవరికీ చెప్పనంది. నీకు చెప్పింది."

"నిజంగా..."

"నీ నిజం నాకొద్దు."

ఆయన కాసేపు నేల మీద వేలితో గీతలు గీశాడు. "పోనీ, ఆ సబ్బేది? ఒకసారి చూపిస్తావా?"

"లేదు. అయిపోయింది."

"అయిపోవడమేమిటే?"

"అందరూ నవ్వుతున్నారుగా. బడి కుళాయి దగ్గర నిలబడి కడుక్కున్నాను. రోజూ విరామంలో. అయిపోయేదాకా." తన చేతులు చూసుకుంది. "చివర్లో రేకులాగా అయింది. వేళ్ళ మధ్యనుంచి జారి తూములోకి పోయింది."

గుమ్మం దగ్గర నిలబడ్డ కోడలు అంతా వింది. లోపలికి వచ్చి కూతురి పక్కన కూర్చుని ఆ చేతుల్ని ఒళ్ళోకి తీసుకుంది. పిల్ల వాటిని నెమ్మదిగా వెనక్కి లాక్కుంది.

చెవులత్త వెళ్ళిపోయే ముందురోజు ఆయన బడికి వెళ్ళాడు. ఆవిడ కిటికీ తెరలు మడతపెడుతోంది.

"క్షమించమని అడగడానికి వచ్చానమ్మా."

"కూర్చోండి పెద్దాయనా."

కూర్చున్నాడు. పక్క కుర్చీలో ఆవిడ కూర్చుంది. ఇద్దరూ కిటికీలోంచి పిల్లలు లేని మైదానాన్ని చూశారు. ఆయన చాలాసేపు ఏవేవో చెప్పాడు, బేకరీ గురించి, కమిటీ గురించి, కురిసే కప్పు గురించి. ఆవిడ అడ్డు రాలేదు. అడ్డు రాకపోయేసరికి ఆయన మాటలు వాటంతటవే అయిపోయాయి.

"మా పిల్ల ఇక్కడికొచ్చి ఏడ్చేదా అమ్మా?" అని అడిగాడు చివరికి.

"ఈ గదికి ఎవరొచ్చారో నాకు గుర్తుండదండీ. గుర్తుండకుండా ఉండటానికే మీరందరూ నాకు జీతమిచ్చారు."

"ఇప్పుడు ఇవ్వడం లేదుగా."

"అలవాటైపోయింది," అని నవ్వింది. తర్వాత తెరను ఒళ్ళో పెట్టుకుని, మొదటిసారి ఆయన వైపు తిరిగింది. "మీరు మైకులో చెప్పారే, ఆ సబ్బు. అది ఎవరిది?"

టైర్లాయన నోరు తెరిచాడు. అది ఊరికే కల్పించిందని చెప్పబోయాడు. కల్పించానని ఊరందరి ముందూ చెప్పి వచ్చాడు కదా. కానీ ఆ సబ్బు కల్పన కాదు. మొత్తం కథలో అదొక్కటే కల్పన కాదు. ఆవిడ జవాబు కోసం ఆగలేదు. లేచి రెండో తెర విప్పడం మొదలుపెట్టింది.

మర్నాడు బడి వదిలే వేళకు ఆయన గేటు దగ్గర నిలబడ్డాడు. ఎప్పుడూ నిలబడని మనిషి.

"షాపుకు రా," అన్నాడు పిడుగుతో. "కథ చెప్పను. ఒకటి చూపిస్తాను."

పిల్ల వెంట నడిచింది గానీ పక్కన నడవలేదు. షాపు చేరాక ఆయన తలుపు సగం దించి, సొరుగు లాగి, వాల్వు మూతల డబ్బా తీశాడు. తొందరలో మూత జారి రాలేదు. రెంచీ కోసం చూశాడు. "ఇటివ్వు," అని పిడుగు తీసుకుని గోటితో తీసింది.

చాలాసేపు లోపలికి చూసింది. ముట్టుకోలేదు. బయట బస్సొకటి మలుపు తిరిగి, దాని చప్పుడు దూరమైపోయింది.

"ఇది షాపుది," అన్నాడు. "తొట్టి దగ్గర ఉండేది. నీది ఇంట్లోది."

"నువ్వు కూడా కొంచెమే తీస్తావా మూత?"

"కొంచెమే."

"ఎందుకు?"

"నువ్వెందుకో నేనూ అందుకే." ఒక్కో మాటకూ ఆయన మెట్టెక్కుతున్నట్టు ఆయాసపడ్డాడు. "హాల్లో కథ జారిపోతుంటే నాదే తీసి నీలాంటి పిల్ల చేతిలో పెట్టాను. నీ దగ్గరా ఉందని నాకు తెలియదు. తెలుసుకోవాల్సింది. ఒకే ఇంట్లో ఉన్నాం. నేను మాట్లాడుతూనే ఉన్నాను."

పిడుగు డబ్బా మూత పెట్టేసింది. ఆ ముఖంలో ఏదో తిరగబడటం ఆయన చూశాడు.

"అయితే ఆవిడ చెప్పలేదు."

"చెప్పలేదమ్మా."

"నిన్న నాకు వరండాలో ఎదురొచ్చింది. ఆగింది. నేను మొహం తిప్పుకుని వెళ్ళిపోయాను." గొంతు సన్నబడింది. "ఇప్పుడు వెళ్దాం తాతయ్యా. చెబుతాను ఆవిడకి."

"పొద్దుటి బస్సుకే వెళ్ళిపోయిందే."

అప్పుడు ఆ పిల్ల ఏడ్చింది. తండ్రి కోసమో, చెవులత్త కోసమో, తూములోకి జారిపోయిన రేకు కోసమో విడదీయడానికి లేకుండా, వెక్కిళ్ళు పెట్టి ఏడ్చింది. టైర్లాయన నాలుక చివరికి ఏనుగు వచ్చి నిలబడింది. దాన్ని తోలేశాడు. తోలేసిన చోటు ఖాళీగా ఉండేసరికి ఆయనకూ ఏడుపొచ్చింది. కొడుకు పోయాక ఇంకొకరి ఎదుట ఏడవడం అదే మొదలు.

"ఇది నువ్వు తీసుకో," అని డబ్బా ఆమె వైపు తోశాడు.

"వద్దు. ఇది నీది. నాది నేను అరగదీసుకున్నాను."

"ఇద్దరిదీ అనుకుందాం."

"వద్దు తాతయ్యా," అంది. కోపంతో కాదు. జరిగింది జరిగినట్టు చెప్పినట్టుగా అంది.

పొద్దు వాలి, రేకుల నీడ రోడ్డు మీదికి పాకింది. ఎవరో సైకిలు తోసుకుంటూ వచ్చి, సగం దించిన తలుపు చూసి వెళ్ళిపోయారు. పిడుగు ఏడ్చి ఏడ్చి అలసిపోయి, బల్ల మీద తాతయ్య పక్కకు జరిగి, ఆయన భుజానికి తల ఆన్చి కళ్ళు మూసుకుంది.

ఇక్కడ ఆపితే బాగుండును. ఆపలేకపోతున్నాను. టైర్లాయన నాకు చెప్పింది చెప్పినట్టు వినిపించాను, ఒక్క ఆ చివరి ముక్క తప్ప. పిల్ల భుజానికి తల ఆన్చడం నేను పెట్టాను. నిజానికి ఆయన బల్ల మీద ఉన్నాడు. ఆమె గోడవార పాత టైరు మీద, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది. మధ్యలో నేల మీద డబ్బా ఉంది. చీకటిపడుతోందని ఆయన లేస్తే ఆమె కూడా లేచింది. వెనకే నడిచి ఇంటికి వెళ్ళింది.